ఊ కొట్టే బొమ్మ

(ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

మా నాయనమ్మ కథ చెప్పాలంటే ఒక షరతు ఉండేది. ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథ ఆగిపోయేది. పోనీ అలవాటుగా ఊ, ఊ అంటూ నిద్రలోకి జారుకుందామంటే కుదిరేది కాదు, ఇట్టే పట్టేసేది. రాజుగారు వేటకి వెళ్తున్న కథలో ఉన్నట్టుండి "అవ్వ సూది నూతిలో పడిపోయింది" అనేది. మేం "ఊ" అనేవాళ్ళం. "ఊ అంటే వస్తుందా?" అనేది. "ఊహూ" అంటే "ఊహూ అంటే వస్తుందా?" ఇక నిద్ర ఎగిరిపోయేది.

ఇవాళ నన్ను పిలిచింది రోబోల గురించి చెప్పమని. నాయనమ్మని మధ్యలోకి తెచ్చాడేమిటా అనుకుంటున్నారేమో. మొహంలో, గొంతులో భావాలు చూపిస్తూ పిల్లలకి చదువులో తోడుగా ఉండే రోబోల మీద పాతికేళ్ళుగా పరిశోధన జరుగుతోంది. నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఆ పేపర్లు చదవడం నాకు పిచ్చి. చదివిన కొద్దీ నాకు అనిపించింది ఒకటే: వాటిలో పనికొచ్చిన భాగమంతా ఆ 'ఊ' దగ్గరే ఉంది.

ముందు నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. పరువు తక్కువ అనుభవమే.

మా ఫైనలియర్ పిల్లలు నలుగురు ప్రాజెక్టు కోసం ఒక బొమ్మ చేశారు. అట్టపెట్టెకి పసుపు గుడ్డ చుట్టి, రెండు టేబుల్ టెన్నిస్ బంతులు కళ్ళుగా అతికించి, కనుబొమ్మలకి ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టారు. ఒక్కో పుల్ల వెనక ఒక చిన్న సర్వో మోటారు, మెడకి ఇంకొకటి. మొత్తం మూడు మోటార్లు. పుల్లలు రెండూ పైకి లేస్తే ఆశ్చర్యం. ముక్కు వైపు కొసలు కిందికి దిగితే కోపం, అవే కొసలు పైకి లేస్తే దిగులు. ఇంతే వ్యవహారం. కానీ చూస్తే నమ్మరు, ఆ రెండు పుల్లలతో బొమ్మకి ప్రాణం వచ్చినట్టే ఉండేది.

దాన్ని ఒక ఎలిమెంటరీ స్కూలుకి పట్టుకెళ్ళాం. మూడో తరగతి. బొమ్మ ఎక్కాలు అడుగుతుంది, జవాబు సరైతే కనుబొమ్మలు ఎగరేస్తుంది. పది నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఎడమ సర్వోలో ప్లాస్టిక్ గేరు పళ్ళు విరిగాయి. పుల్ల కిందికి దిగి అక్కడే ఇరుక్కుపోయింది. అప్పుడు దాని ముందు కూర్చున్న పాప రెండు జడలు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. "ఏడార్లు ఎంత?" అని అడిగింది బొమ్మ. "నలభై రెండు" అంది పాప, టక్కున. బొమ్మ కోపంగా చూసింది. పాప మావైపు చూసి, మళ్ళీ "నలభై రెండు" అంది, ఈసారి కాస్త చిన్న గొంతుతో. బొమ్మ మొహం మారలేదు. మూడోసారి "నలభై ఆరా?" అంది.

మా కుర్రాడు పరిగెత్తుకెళ్ళి ప్లగ్గు పీకేశాడు. పాపతో "నువ్వు చెప్పిందే కరెక్టమ్మా, దానికే జబ్బు చేసింది" అని చెప్పాం. ఆ పిల్ల నవ్వింది గానీ, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కరెక్టుగా తెలిసిన లెక్కని ఒక విరిగిన గేరు పన్ను తప్పు చేయించింది.

తర్వాత 2018లో వచ్చిన ఒక ప్రయోగం నా కంటపడింది. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్ని మూడు చిన్న రోబోల పక్కన కూర్చోబెట్టి, ఈ గీతల్లో ఏది ఆ గీతంత పొడవుందో చెప్పమన్నారు. చూడగానే తెలిసిపోయే జవాబు. పిల్లలు ఒంటరిగా ఉంటే నూటికి 87 సార్లు సరిగ్గా చెప్పారు. రోబోలు మూడూ కూడబలుక్కున్నట్టు తప్పు చెప్తుంటే అది 75కి పడిపోయింది. ఆ తప్పుల్లో నాలుగింట మూడొంతులు రోబో చెప్పిన తప్పే, యథాతథంగా. అదే ప్రయోగంలో పెద్దవాళ్ళు మాత్రం రోబోల మాట లెక్కచేయలేదు. కాబట్టి ఈ సంగతి మనం మన మనసుతో ఊహించి చూస్తే అంతుపట్టదు, మన మీద ఆ మంత్రం పారదు.

సరే, ఈ కథ ఎక్కడ మొదలైందో చూద్దాం.

1990ల చివర్లో, అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో సింథియా బ్రెజీల్ అనే విద్యార్థిని పీహెచ్‌డీ కోసం కిస్మెట్ అని ఒక రోబో చేసింది. రోబో అంటే తల మాత్రమే. లోహపు చట్రం బయటికే కనిపిస్తుంటుంది, దానిమీద ఇంతలేసి నీలం కళ్ళు, గుబురు కనుబొమ్మలు, ఎర్రటి రబ్బరు పెదాలు, ఏదో జంతువు చెవుల్లాంటి చెవులు. అందంగా ఉంటుందని నేను చెప్పను. ఇప్పుడు ఎంఐటీ మ్యూజియంలో పెట్టారు. దానికి మనం మాట్లాడే మాట ఒక్కటీ అర్థం కాదు. గొంతులో ఉన్నది మెచ్చుకోలా, కసురా, బుజ్జగింపా అన్నది మాత్రం పోల్చుకునేది. తిరిగి చంటిపిల్లలా ఏదో గొణిగేది.

లోపలి లెక్క చాలా తేలిక. మూడు అంకెలు. ఎంత హుషారుగా ఉంది, బాగుందా బాగోలేదా, దగ్గరికి రావాలా దూరం జరగాలా. ఈ మూడింటిని బట్టి మొహం మారుతుంటుంది. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. మీరు మొహం మరీ దగ్గరగా పెడితే కిస్మెట్ బెదిరినట్టు తల వెనక్కి లాక్కుంటుంది. మీరు "అయ్యో, జడుసుకుంది" అనుకుని ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ అడుగుతో మీ మొహం దాని కెమెరాకి సరిగ్గా ఆనే దూరానికి వస్తుంది. చూశారా? దాని కళ్ళకి మీరు ఆనాలి, అందుకోసం మిమ్మల్ని జరిపింది. మీరు మాత్రం దయతో జరిగాననుకున్నారు. చంటిబిడ్డ ఏడ్చి అమ్మని రప్పించుకోవడమూ ఇలాంటిదే, కాకపోతే బిడ్డకి నిజంగా ఆకలేస్తుంది.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. రోబో మొహంలో భావం ఉందంటే అది ఎదుటి మనిషిని కదపడానికే ఉంటుంది. అది ఎటు కదుపుతోంది అన్నదే మనం చూడాల్సింది.

మంచి వైపు కదిపిన సందర్భం చెప్తాను. ఆ బ్రెజీలే తర్వాత ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో ఒక బృందం నడిపింది. వాళ్ళు చేసిన రోబో పేరు టేగా. ఎర్రటి బొచ్చు, నీలం చారలు, టెడ్డీబేర్‌లా ముద్దుగా ఉంటుంది. మొహం అంటే ఒక ఆండ్రాయిడ్ ఫోన్ తెర. ఒళ్ళు అయిదు రకాలుగా కదులుతుంది: కార్టూన్లలో బంతి నేలకి తగిలి చపటగా అయ్యి మళ్ళీ సాగుతుంది చూడండి, అలా కుదించుకుంటుంది, సాగుతుంది, పక్కకి ఊగుతుంది. దానికి చేతులు లేవు, పాఠం రాయడానికి బోర్డూ లేదు.

2017లో వచ్చిన ఒక పరిశోధనలో సుమారు అయిదేళ్ళ పిల్లలు 45 మందికి ఈ టేగా ఒక కథ చెప్పింది. మాటలు లేని బొమ్మల పుస్తకం చూపిస్తూ, మధ్యలో పిల్లలకి తెలియని కొన్ని మాటలు కలిపి చెప్పింది. కొంతమందికి గొంతు ఎత్తుతూ దించుతూ, ఆశ్చర్యపోతూ, భయపడుతూ చెప్పింది. మిగతావాళ్ళకి అదే కథ, అవే మాటలు, రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్‌లా చెప్పింది. రెండు గుంపుల పిల్లలూ కొత్త మాటలు నేర్చుకున్నారు. కానీ తిరిగి కథ చెప్పమన్నప్పుడు తేడా వచ్చింది. భావంతో విన్న పిల్లలు ఆ కొత్త మాటల్ని తమ నోట ఎక్కువగా వాడారు, రోబో చెప్పిన తీరులోనే చెప్పారు. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మళ్ళీ అడిగితే చప్పగా విన్నవాళ్ళ కథ కుంచించుకుపోయింది, వీళ్ళ కథ నిలిచింది. ఇందులో వింతేముంది, హరికథ విన్న ఊరు మనది అంటారు మీరు. నిజమే. కానీ ఒక బొచ్చుబొమ్మ గొంతులో ఎత్తుపల్లాలకి కూడా ఆ బలం ఉందని కొలిచి చూపించడం చిన్న విషయం కాదు.

ఇక నా నాయనమ్మ దగ్గరికి వస్తున్నాను.

అదే బృందం ఇంకో ప్రశ్న వేసుకుంది. రోబో చెప్పడం కాకుండా, వింటే? ముందుగా వాళ్ళు చిన్నపిల్లలు ఒకరికొకరు కథలు చెప్పుకుంటుంటే వీడియో తీశారు. వినే పిల్ల ఎప్పుడు తలూపుతోంది, ఎప్పుడు ముందుకి వంగుతోంది, ఎప్పుడు 'ఊ' అంటోంది, అంతకు ముందు చెప్పే పిల్ల గొంతులో ఏం జరిగింది, ఇదంతా లెక్కగట్టారు. గొంతు స్థాయి కాస్త దిగడం, ఒక చిన్న విరామం, చెప్పే పిల్ల కళ్ళెత్తి ఎదుటివాళ్ళని చూడడం, ఇలాంటి గుర్తులు. తర్వాత పిల్లల ముందు రెండు టేగాలు పెట్టారు. ఒకటి ఆ గుర్తులు చూసి సమయానికి స్పందిస్తుంది. రెండోది కూడా అలాగే తలూపుతుంది గానీ, కథతో సంబంధం లేకుండా ఊపుతుంది. పిల్లలు ఎక్కువగా మొదటిదాని వైపే తిరిగి కథ చెప్పారు. రెండిటికీ ఒకే మొహం, ఒకే రంగు. తేడా అంతా ఊ సరైన చోట పడిందా లేదా అన్నదే.

కథ అర్థమైందా ఆ రోబోకి? ముక్క అర్థం కాలేదు. ఊ కొట్టే చోటు మాత్రం తెలుసు. మా నాయనమ్మ అడిగి ఉంటే దొరికిపోయేది. (నవ్వులు)

అయినా ఎవరో వింటున్నారంటే పిల్ల ఎక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే భాష పెరుగుతుంది. అరవై మంది ఉన్న తరగతిలో ఒక్కో పిల్ల రోజుకి ఎన్ని నిమిషాలు తన సొంత మాట మాట్లాడుతోందో ఇక్కడున్న టీచర్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో వైపు. ఇంగ్లండ్‌లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ఒక పేపరు రాశారు. దాని శీర్షికే 'మరీ కష్టపడిన రోబో' అన్న అర్థంలో ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ప్రధాన సంఖ్యలు నేర్పే రోబో. ఒక రోబో కళ్ళలోకి చూస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది, చేతులు తిప్పుతుంది. ఇంకోటి ఎటో చూస్తూ పొడిపొడిగా చెప్తుంది. పొడి రోబో దగ్గర పిల్లలు నేర్చుకున్నారు. కలుపుగోలు రోబో దగ్గర లెక్కలోకి వచ్చేంత ఏమీ నేర్చుకోలేదు. కారణం ఇదేనని తేల్చడం కష్టం గానీ, పిల్లలు రోబోనే చూస్తూ కూర్చుంటే లెక్క మీద ధ్యాస ఏముంటుంది? మాకూ ఒక సినిమా పిచ్చి మాస్టారు ఉండేవారు. క్లాసు అద్భుతం, మార్కులు సున్నా.

తర్వాత ఐరోపాలో పెద్ద ప్రాజెక్టు ఒకటి నడిచింది, 'ఎల్‌టూటార్' అని. నెదర్లాండ్స్‌లో అయిదారేళ్ళ పిల్లలు సుమారు 190 మందికి ఏడు పాఠాల్లో 34 ఇంగ్లిషు మాటలు నేర్పారు. కొందరికి ట్యాబ్లెట్టుతో పాటు నావో అనే రోబో, కొందరికి ఉత్త ట్యాబ్లెట్టు. 2019లో ఫలితం చెప్పారు. పిల్లలు నేర్చుకున్నారు, కానీ రోబో ఉన్నందువల్ల అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు. కష్టపడి చేసిన పనిలో ఇలాంటి ఫలితం వస్తే దాచకుండా అచ్చువేశారు చూడండి, వాళ్ళకి నా దండం.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. రోబోని టీచరు కుర్చీలో కూర్చోబెట్టకండి. వినేవాడిగా పెట్టండి, ఇంకా మంచిది, మొద్దు విద్యార్థిగా పెట్టండి.

జపాన్‌లో తనాకా, మత్సుజోయె అనే ఇద్దరు 2012లో ఇదే చేశారు. ఇంగ్లిషు క్రియలు నేర్చుకునే చిన్నపిల్లల దగ్గర రోబో కావాలని తప్పులు చేస్తుంది. పిల్లలు దాని చెయ్యి పట్టుకుని "ఇలా కాదు, ఇలా" అని నేర్పుతారు. నేర్పిన మాట తమకీ బాగా వచ్చేస్తుంది. స్విట్జర్లాండ్‌లో లొజాన్ నగరంలో ఇంకొకళ్ళు రాత మీద చేశారు. నావో రోబో కోడిగీతలు గీస్తుంది. పిల్లవాడు ట్యాబ్లెట్టు మీద సరైన అక్షరం రాసి చూపిస్తాడు. రోబో కొంచెం, కొంచెమే మెరుగవుతుంది. చేతిరాత బాగాలేదని రోజూ తిట్లు తినే పిల్లవాడు ఆ కాసేపు మాస్టారు. 'థ' వత్తు ఎక్కడ పెట్టాలో తికమకపడే మన రెండో తరగతి పిల్లాడిని ఊహించుకోండి, వాడికన్నా ఘోరంగా రాసేవాడు ఒకడు దొరికితే! ఇక్కడ రోబో దిగులు మొహం పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆ దిగులు పిల్లాడిని నేర్పే వైపు కదుపుతోంది.

ఒక రహస్యం కూడా చెప్పాలి. ఈ ప్రయోగాల్లో చాలావాటిలో రోబో తనంతట తాను మాట్లాడదు. పక్క గదిలో ఒక మనిషి కూర్చుని బటన్లు నొక్కుతుంటాడు. తోలుబొమ్మలాటే. మోసం అనుకోకండి, పేపర్లో రాసే చేస్తారు. చిన్నపిల్లల మాటని యంత్రానికి పట్టుకోవడం చాలా కష్టం, వాళ్ళ గొంతు సన్నం, మాట సగం మింగుతారు. పైగా మన తెలుగు పిల్లల మాట అంటే శ్రీకాకుళంలో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి. అందుకని ఎవరైనా వచ్చి "మా రోబో అన్నీ అర్థం చేసుకుంటుందండీ" అంటే, తెర ఎత్తి చూడండి.

భావం చూపించడం గురించి ఇంతసేపు చెప్పాను. పిల్లల భావాన్ని చదవడం వేరే సంగతి, దాంట్లో నాకు అనుమానాలు ఎక్కువ. కెమెరాతో మొహం చూసి "ఈ పిల్ల సంతోషంగా ఉంది, ఈ పిల్లాడికి విసుగొచ్చింది" అని చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మనిషి మొహం చూసి లోపలి భావం నమ్మకంగా చెప్పలేమని 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, ఇంకొందరు శాస్త్రవేత్తలు వందల పరిశోధనల్ని తిరగేసి రాశారు. మనకి ఆ పేపరు కూడా అక్కర్లేదు. మనం తల అడ్డంగా, నిలువుగా కాకుండా అదోరకంగా ఊపుతాం చూడండి, దాన్ని అవునంటారా కాదంటారా? పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తల దించుకునే పిల్లని ఆ యంత్రం ఏమని రాసుకుంటుంది? శ్రద్ధ లేదని రాసుకుంటే ఆ రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది? ఐరోపా యూనియన్ తన ఏఐ చట్టం కింద 2025 ఫిబ్రవరి 2 నుంచి, వైద్యం, భద్రత అవసరాలకి తప్ప, విద్యాసంస్థల్లో మనుషుల భావాల్ని ఊహించే వ్యవస్థల్ని నిషేధించింది. మన దేశంలో 2023 నాటి డేటా చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఆ అనుమతి ఏదో యాప్‌లో చదవకుండా టిక్కు పెట్టేసేది మనమే.

ఇంకొక్క సంగతి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. అమెరికాలో మాక్సీ అని ఒక రోబో అమ్మేవారు. ఆకుపచ్చ నీలం రంగు, గుండ్రటి మొహం, అయిదు నుంచి పదేళ్ళ పిల్లలకి తోడు. ధర చివర్లో 800 డాలర్లు. దాని తెలివంతా కంపెనీ సర్వర్లలో ఉండేది. 2024 డిసెంబరులో డబ్బు పుట్టక కంపెనీ మూసేస్తున్నామని ప్రకటించింది. బొమ్మ విరగలేదు, పాడవలేదు, కానీ మాట పడిపోతుంది. ఈ సంగతి పిల్లలకి ఎలా చెప్పాలో రాసి తల్లిదండ్రులకి ఒక ఉత్తరం ఇచ్చారు. వెక్కివెక్కి ఏడుస్తున్న పిల్లల వీడియోలు వచ్చాయి. తర్వాత కంప్యూటర్ల పని కాస్త తెలిసినవాళ్ళు ఇంట్లో కంప్యూటరు మీద దాన్ని నడుపుకునే దారి ఒకటి వచ్చింది, అది వేరే సంగతి. అంతకు ముందు, 2019లో, జీబో అనే రోబో అయితే తనే వీడ్కోలు చెప్పింది: మీతో గడిపిన కాలం నచ్చింది, ఎప్పుడైనా ప్రతి ఇంట్లో రోబోలు వస్తే మీ రోబోకి నేను అడిగానని చెప్పండి అని. దాన్ని తయారుచేసింది కూడా కిస్మెట్ చేసిన బ్రెజీల్ కంపెనీయే. ఆ వీడ్కోలు మాటలు రాసిన ఉద్యోగి మంచి రచయిత అయ్యుండాలి. కానీ ఆరేళ్ళ పిల్లకి అది ఎవరో రాశారని తెలియదు కదా.

నా మాట అయిపోయింది. ఏమైనా అడగండి.

(ఒక ఉపాధ్యాయుడు: "మరి మా ఉద్యోగాలకి ముప్పు లేదంటారా?")

మాస్టారూ, ఇందాక చెప్పిన సర్వో మోటారు గుర్తుంచుకోండి. మీ కనుబొమ్మ ఇరుక్కుపోదు. (నవ్వులు) నిజంగా అడిగితే, ముప్పు రోబో నుంచి రాదు. రోబో కొన్నాం కదా, ఇక టీచరు పోస్టు ఎందుకు అనుకునే మనిషి నుంచి వస్తుంది.

(ఒక పెద్దావిడ: "మా మనవడికి అయిదేళ్ళు బాబూ, డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ళ నాన్న రోబో కొంటానంటున్నాడు. కొనమంటారా?")

కొనేముందు రెండు అడగమనండమ్మా. ఇంటర్నెట్ తీసేస్తే ఏం చేయగలదు? పిల్లాడు ఇక చాలు అని లేస్తే అది ఏమంటుంది? "అప్పుడే వెళ్ళిపోతావా" అని దిగులు మొహం పెడితే మాత్రం షాపులోనే వదిలేసి రమ్మనండి. ఆ దిగులు వాణ్ణి కుర్చీకి కట్టెయ్యడానికి పెట్టింది. ఇక ఈలోపు, వీడియో కాల్‌లో మీరే వాడి చేత ఒక కథ చెప్పించుకోండి. మీరు ఊ కొడితే చాలు.

("వాడి భాష నాకు ఒక్క ముక్క అర్థం కాదు బాబూ, అంతా ఇంగ్లీషే.")

కిస్మెట్‌కి కూడా ఏమీ అర్థమయ్యేది కాదమ్మా.

(నవ్వులు)